అనుమానం గుడ్డు

నర్సు పిలిచేలోగా తేల్చుకోవాలి. ఆ తెల్ల తలుపు కాస్త తెరుచుకుంటుంది, ఆకుపచ్చ బట్టల మనిషి తల మాత్రం బయటికి పెట్టి ఆ అమ్మాయి తాలూకు ఎవరని అడుగుతుంది, అప్పుడు తను బల్ల మీంచి లేస్తాడో లేవడో, అంతే, మిగతా గొడవంతా ఆ లేవడంలోనే ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు కూతురు గుమ్మంలో వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "ముందు ఒక గదిలో పడుకోబెడతారట నాన్నా. మనవాళ్లు ఒకరు పక్కన కూర్చోవచ్చట. నువ్వు కూర్చో." అమ్మ వస్తోందిగా అన్నాడు. "అమ్మ ఎలాగూ వస్తుంది. అమ్మని అడగక్కర్లేదు. నిన్ను అడుగుతున్నా." అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పట్టీ కొసని సందులోకి దోపుతూ దోపుతూ, చెప్పుతో చెబుతున్నట్టు, "నువ్వు బయటే కూర్చుంటే నేనేదో దొంగతనంగా చేస్తున్నట్టుంటుంది" అంది. ఆయన సరేననలేదు, కాదనలేదు, తాళం చెవి జేబులో ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. మళ్లీ చూసుకున్నాడు. దారంతా కారు కిటికీలోంచి పోతున్న గోడల్ని చూశాడు. ఇప్పుడు ఈ నడవాలో, ఎదురుగా నీళ్ల డబ్బా అప్పుడప్పుడూ కడుపులోంచి గుడగుడమంటుంటే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య. కూతురు తీసిచ్చిన గడియారాన్ని తన గడియారం పక్కనే అదే మణికట్టుకి పెట్టుకుంది. రెండూ ఒకే టైము చూపించడం లేదు. దేన్ని నమ్మాలని అడిగితే "నన్ను నమ్ము" అంటుంది, అందుకని అడగలేదు.

ఇంట్లో ఆయన్ని ఒకటేమాటాయన అంటారు. మెచ్చుకోలుగా కొందరు, పళ్లు కొరుక్కుంటూ కొందరు. ఆ పేరు పెట్టింది మరదలు, చనిపోయిన తమ్ముడి భార్య. తమ్ముడు సైకిళ్లు బాగుచేసేవాడు, దుకాణం మూసే వేళ ఎవడో వచ్చి, పంక్చర్లు వేసే ఇనుప పట్టాతోనే కొట్టి చంపాడు. అడ్డం వచ్చిన పక్క దుకాణం ముసలాయన్ని కూడా చంపాడు. కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. ఆ రోజు కోర్టు మెట్ల మీద అందరి ముఖాల్లోనూ చాలాకాలానికి కాస్త రక్తం ఆడింది. అప్పుడు ఆయన, తమ్ముడి శవాన్ని తన చేతుల మీద ఇంటికి తెచ్చినవాడు, నోరు విప్పి "వద్దు" అన్నాడు. ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదన్నాడు. వాడికి లేదు, మనకీ లేదన్నాడు. అందరూ ఆయన వంక దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూశారు. అప్పటినుంచి అదే మాట. చుట్టాలు వచ్చి కూర్చుని వాదించి, టీ చల్లారబెట్టుకుని వెళ్లిపోయేవారు, ఆయన అదే మాట. రేపు పొద్దున అధికారులు ఇంటివాళ్లందరినీ పిలిచి ఒక్కొక్కరినీ అడుగుతారు, వాణ్ణి క్షమించవచ్చా అని. "పెద్దవారు మీరు ఉరి వద్దంటే చాలావరకు ఆగిపోతుంది" అని వకీలు చెప్పాడు. మరదలు మొన్న వచ్చి గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. "బావగారూ, మీరేం చెప్పాలనుకుంటే అది చెప్పండి. నేను గదిలో ఉన్నప్పుడు మాత్రం చెప్పకండి" అంది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది.

ఎవరికీ లేదు. ఎంత తేలిగ్గా వచ్చిందా మాట. మెట్ల మీద నిలబడి ఎవరికీ అన్నప్పుడు ఆ ఎవరిలో ఎవరెవరున్నారని చూసుకున్నాడా. జడ్జీ ఉన్నాడు, తలారి ఉన్నాడు, మరదలుంది, తనున్నాడు. కూతురు ఉందనుకోలేదు. అప్పుడా పిల్ల పక్కనే నిలబడి ఆయన సంచీ పట్టుకుని ఉంది. అందరూ ముఖం తిప్పుకుంటే అదొక్కతే "నాన్న చెప్పింది కరెక్టే" అంది, గట్టిగా కూడా కాదు, సంచీతో చెప్పినట్టు. దానికి అలా వస్తువులకి చెప్పడం అలవాటు. ఇప్పుడు తను లేచి ఆ తలుపు లోపలికి వెళ్లి దాని పక్కన కూర్చుంటే, రేపు ఏ నోటితో ఎవరికీ అంటాడు. వెళ్లకపోతే, వాణ్ణి, తమ్ముణ్ణి చంపినవాణ్ణి, జైలుకి వెళ్లి మరీ చూసొచ్చినవాడు, సొంత కూతురి దగ్గరికి నాలుగడుగులు వెయ్యలేదన్నమాట. ఎటు తిప్పినా ఒక మూల బయటికి పొడుచుకొస్తోంది, చిన్న సంచీలో పెద్ద పళ్లెం పెట్టినట్టు.

నీళ్ల డబ్బా మళ్లీ గుడగుడమంది. లోపలినుంచి ఒక బుడగ పైకి వచ్చి పగిలింది. వెలుతురు పడి ఒక్క క్షణం మెరిసింది. వెలుతురులో చూడటమే ఆయన బతుకు. కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో, పట్టపగలు కూడా తలుపులు బిగించి ఉంచే చీకటి గదిలో, దీపం పెట్టె మీది కన్నంలో గుడ్డు నిలబెట్టి లోపల ఏముందో చూడటం. మొదటిరోజు నేర్పిన ముసలాయన ఏమీ నేర్పలేదు, చేతులు రుద్దుకుని వేడెక్కాకే గుడ్డు ముట్టుకో అన్నాడు, అంతే. పొదగేసి నాలుగు రోజులైన గుడ్డొకటి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని దీపం మీద పెట్టాడు. గుడ్డంతా లోపల ఎవరో కాపురం ఉన్న గదిలా వెలిగింది. ఎర్రటి సన్నటి నరాలు సాలెపురుగు కాళ్లలా నాలుగు దిక్కులా పాకి ఉన్నాయి, మధ్యలో ఆవగింజలో సగం ఉంటుందో ఉండదో ఒక చుక్క, ఆ చుక్క కొట్టుకుంటోంది. ఇంకా కోడి లేదు. కాలు లేదు, రెక్క లేదు, ముక్కు లేదు. కొట్టుకోవడం మాత్రం మొదలైపోయింది. ఇల్లు కట్టకముందే లోపల ఎవరో పాడుతున్నట్టు. ఎవరు మొదలెట్టమన్నారు, ఎవరు దానికి తాళం వేశారు. ఆయనకి ఊపిరి ఆగింది. ముసలాయన చీకట్లో నవ్వాడు, "ఏం, దేవుడు కనపడ్డాడా? పక్క గుడ్డు తియ్యి, ఇంకా చాలా ఉన్నాయి" అన్నాడు. ఎన్ని వేల గుడ్లు తిరిగాయో ఆ తరవాత ఈ వేళ్ల మధ్య. ఆశ్చర్యం అరగలేదు. చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు గానీ, ఇప్పటికీ ప్రతి నాలుగో రోజు గుడ్డు దగ్గరా ఆ ఆగిన ఊపిరి ఆగుతూనే ఉంది.

మరి అలాంటివాడు మధ్యాహ్నం డబ్బా విప్పి ఉడకబెట్టిన గుడ్డు తింటాడు. హేచరీలో చివర ఒక గది ఉంది, గుడ్లు పెట్టని మగ కోడిపిల్లల్ని అక్కడికి తీసుకుపోతారు, అవి ఇక వెనక్కి రావు. ఆ తలుపు వైపు ఆయన ఇన్నేళ్లలో తల తిప్పి చూడలేదు. నీళ్ల కుళాయికి అటునుంచే దగ్గర దారి, ఆయన చుట్టూ తిరిగి వెళ్తాడు. ఒకటేమాటాయన.

ఆ చుక్కని మొన్న మళ్లీ చూశాడు. చూడాలనుకోలేదు. డాక్టరమ్మ స్కానింగు గదిలో కూతురి కడుపు మీద ఏదో జారుడు మందు రాసి తిప్పుతుంటే, సంచీ ఇవ్వడానికి లోపలికి అడుగుపెట్టాడు. తెర అటు తిప్పి ఉంది. గాజు బీరువా తలుపులో దాని నీడ కనిపించింది. బూడిదరంగు వానలో ఒక చిన్న నల్ల గూడు, గూట్లో ఒక మెరుపు. ఆరి వెలిగి ఆరి వెలిగి. అదే. అక్షరాలా అదే, ఆవగింజలో సగం. డాక్టరమ్మ ఆయన్ని చూసి తెర ఇంకాస్త పక్కకి తిప్పింది, బీరువాలో ఉన్నదాన్ని ఎవరూ తిప్పలేకపోయారు. కూతురు కళ్లు మూసుకుని ఉంది. ఆయన సంచీ కుర్చీలో పెట్టి బయటికొచ్చి మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. భయమా అంటే భయం కాదు. పెద్ద ఏరు దగ్గరికి వెళ్లినప్పుడు నీళ్లు కనపడకముందే చెవికి తెలుస్తుందే, అలాంటిది.

అంతకు ముందోసారి కూడా చూశాడు, గుడ్డు లేదు, తెర లేదు. జైల్లో. వాడెలా ఉంటాడో చూడాలని వెళ్లాడు. కోర్టులో వీపే కనిపించేది. ఇనప వల అవతల కూర్చున్నవాడు ఊహించినదానికంటే పొట్టి, మాసిన చొక్కా, పై గుండీ ఊడిపోయింది. వాడు క్షమించమనలేదు. "అయ్యా, మీరెందుకు వచ్చారో నాకు తెలీదు" అన్నాడు, తరవాత బల్ల మీద గీతని గోరుతో గీకాడు. తమ్ముడి మెడ మీద తను వేళ్లు పెట్టి చూసిన చోటు, దవడ కింద, అక్కడ ఏమీ దొరకని ఆ చోటు గుర్తొచ్చి, ఆయన వాడి మెడ వంక చూశాడు. ఊడిన గుండీ పైన ఒక నరం కొట్టుకుంటోంది. వాడు చేసిందేమిటో దానికి తెలియదు. కోర్టు ఏం చెప్పిందో తెలియదు. అసలు వాడిలో ఎప్పుడు మొదలైందో, ఎవరి కడుపులో, ఎవరు గాజు బీరువాలో దాన్ని చూసి గోడ పట్టుకున్నారో. ఆయనకి వాడంటే జాలి లేదు, ఇప్పటికీ లేదు. ఎదురుపడితే ఆ మెడ పట్టుకుంటాడేమో కూడా. కానీ ఆ నరం, అది వాడిది మాత్రమే అనిపించలేదు.

"ఏమయ్యా, కాఫీ తాగుతావా" అంది భార్య. అక్కర్లేదన్నాడు. అక్కర్లేదంటే తాగుతాడని ఆమె లెక్క, ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చింది. తాగాడు.

"నీ ముఖం చూస్తే లోపల మన అమ్మాయి కాదు, నువ్వు పడుకున్నట్టుంది" అంది.

"నువ్వెలా ఇంత తేలిగ్గా ఉన్నావే."

"తేలిగ్గా ఉన్నానని ఎవరు చెప్పారు?" మూత తుడిచి బిగించింది. ఊరుకోవడం ఆమెకి కష్టం. "చంపినవాడి కోసం బాధపడతావు నువ్వు, పుట్టనివాడి కోసం బాధపడతావు. మధ్యలో బతికున్నవాళ్లం కొంతమందిమి ఉన్నాం, మా వంతు ఎప్పుడొస్తుందో చెప్తే ఆ రోజుకి తయారై ఉంటాం."

"మరి నువ్వో. వాణ్ణి ఉరి తియ్యాలంటావు, దీనికి సరేనంటావు. నీకు ప్రాణమంటే ఏమిటో."

"నాకు నా మరిదంటే మరిది, నా కూతురంటే కూతురు. నీలా అన్నిటినీ ఒకే గిన్నెతో కొలవడం నాకు రాదు." అంతలోనే గొంతు తగ్గించి, "అలాగని నాకు నిద్ర పడుతోందనుకోకు" అంది.

ఆయన ఆమె చేతుల వంక చూశాడు. వేలి కొసలు ఆయనవిలాగే మెత్తగా, గీతలు అరిగిపోయి. చీకటి గదిలో దీపం పెట్టెకి అవతలి వైపు కూర్చునే మనిషి ఆమె. అక్కడే మొదట ఆమె గొంతు విన్నాడు, ముఖం తరవాత చూశాడు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు. బతికిన గుడ్డు ఇటు, చచ్చింది అటు. ఏదీ తేలకపోతే, నరాలున్నాయి గాని కదలిక లేదు, లేక కదలిక ఉందో తన కంటి వణుకో తెలియదు, అది అనుమానం గుడ్డు. దాన్ని ఒంటరిగా ఎవరూ తేల్చకూడదు. దాని మీద పెన్సిలు గీత గీసి అవతలి మనిషి చేతిలో పెట్టాలి. చేతిలో పెట్టాక ఏం చేశావని అడగకూడదు. అడిగితే ఆ గదిలో రెండో రోజు పనిచేయలేరు. ఒక మేనేజరు వచ్చి ఈ నసంతా ఎందుకు, అనుమానం ఉంటే పారెయ్యండన్నాడు. పారేశారు. ఒకరోజు, పిల్లలు దాదాపు తయారైన గుడ్లు చూస్తుంటే, పారేసిన బకెట్టులోంచి కిచకిచమని వినిపించింది. ఒక్క గొంతే. గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఆ గుడ్డు తను పడేసిందే అయి ఉండాలి, తన వైపు బకెట్టే అది. చల్లబడితే పిల్ల కదలదు, చచ్చిందనిపిస్తుంది, అంతే. ఆ తరవాతి మేనేజరు మెత్తటివాడు, అనుమానం ఉంటే ఉంచండన్నాడు. ఉంచారు. లోపల మురిగిన గుడ్డు ఒకటి మిషన్లో పేలి, ఆ కుళ్లు తట్టంతా చింది, చుట్టూ బతికి ఉన్నవన్నీ పాడైపోయాయి. అవి ఒక్కొక్కటే తీసి తుడిచి దీపం మీద పెట్టింది ఆమె. ఏమీ అనలేదు. ఆ వారమంతా ఇంట్లో కూడా ఏమీ అనలేదు. తరవాత ఎవరూ ఏ మేనేజరు మాటా వినలేదు, పెన్సిలు గీతకే తిరిగొచ్చారు. తను గీతలు గీసి ఎన్ని గుడ్లు ఈ చేతుల్లో పెట్టాడో. ఒక్కదాని గురించీ అడగలేదు. ఆమె కూడా ఎన్నో ఇచ్చింది, అడగలేదు. పెళ్లంటే ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆయనకి అదొక్కటే ఉంది.

గుడ్డుకి నోరు లేదు గనక మనం తేల్చాం అనుకున్నాడు. దీనికి తల్లి ఉంది. ఆ తల్లి ఎవరు, చెప్పుతోనూ సంచీతోనూ మాట్లాడే పిల్ల. మొదటి కాన్పు తరవాత ఏడాదిపాటు దేనితోనూ మాట్లాడలేదు. పిల్లవాడు ఏడుస్తుంటే గోడవంక చూస్తూ కూర్చునేది, వాడెవరింటివాడో అన్నట్టు. తలదువ్వుకునేది కాదు. ఒకరోజు నీళ్లు తేవడానికి వెళ్లి బావి గట్టు మీద అలాగే కూర్చుండిపోయింది, వెనకనించి వెళ్లి భుజం పట్టుకుంటే, "నేను ఇంకా ఉన్నానా నాన్నా" అని అడిగింది. వేళాకోళం కాదు. నిజంగా తెలియక అడిగింది. కదలిక లేదు, చల్లబడింది, అంతే. ఆయనా భార్యా వంతులేసుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. ఎన్నాళ్లకో ఒక పొద్దున దువ్వెనతో ఏదో గొణుగుతుంటే విని భార్య వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ చీకట్లోకి మళ్లీ వెళ్లలేను, ఈ కడుపు తీయించుకుంటాను అంది ఈసారి. దాని మొగుడు, మంచివాడే, నీ ఇష్టం అన్నాడు, పిల్లవాణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉన్నాడు. వెళ్లలేవని నీకెలా తెలుసమ్మా, ఈసారి అలా కాదేమో అని ఆయన నోటిదాకా వచ్చింది. కాదేమో. అవునేమో. పెన్సిలు గీత.

మరి ఆ మెరుపు. ఆరి వెలిగి. బీరువాలో. దాన్ని ఏమీ కాదనడం ఆయనవల్ల కాదు. ఎవరైనా వచ్చి అది ఉత్త చుక్క అంటే, చీకటి గదిలో కూర్చోని మనిషి అనుకుంటాడు. చంపడమే అంటే, బావి గట్టు దగ్గర నిలబడని మనిషి అనుకుంటాడు. ఒక మాట కావాలి, రెంటికీ, మూడింటికీ సరిపోయే మాట, జైలుకీ ఆస్పత్రికీ తమ్ముడి దుకాణానికీ, కోర్టు మెట్ల మీద వచ్చినంత తేలిగ్గా వచ్చే మాట. వెతికాడు. మాట రాలేదు. చుక్క, నరం, మెరుపు, అవే వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, ఈ నడవాలో బల్లల మీద కూర్చున్న అందరి మెడల్లోనూ, ఆ మూల దగ్గుతున్న ముసలమ్మలో, తుడుపు కర్ర ఆనించి ఫోను చూసుకుంటున్న ఆయాలో, అందరిలోనూ ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, ఇంతసేపూ. భవనమంతా కొట్టుకుంటోంది. దీని ముందు ఒకటేమాటాయన అనిపించుకున్నాడా తను. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి, రెండూ కనపడకుండా ముక్కు తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల మనిషి తల బయటికి పెట్టింది. "ఆ అమ్మాయి తాలూకు ఎవరండీ? ఒకరు రావచ్చు."

భార్య లేవలేదు. ఎప్పుడూ ముందు లేచే మనిషి. మణికట్టు మీది రెండు గడియారాల్నీ మరో చేత్తో మూసి పట్టుకుని కూర్చుంది. ఆయన లేచాడు. గోడకి చెయ్యి ఆనించాడు.

"రేపు ఏం చెప్తావు" అంది ఆమె, నేలవంక చూస్తూ.

"వద్దనే చెప్తాను. కానీ ఎవరికీ లేదని చెప్పను. నాకు చేతకాదని చెప్తాను."

"నేను ఉరి తియ్యమనే చెప్తాను."

"తెలుసు."

"నీ వెంట వస్తాను. నువ్వు చెప్పేటప్పుడు పక్కన కూర్చుంటాను. నీ మరదల్ని ముందే బయట కూర్చోబెట్టి వస్తాలే" అని, వెంటనే, "వెళ్లు, అక్కడ పిల్ల ఒక్కతే ఉంది, ఇక్కడ నిలబడి ఉపన్యాసం ఒకటి" అంది.

లోపలి గది చిన్నది. కిటికీకి తెర వేసి ఉంది, వెలుతురు దాన్లోంచి వడకట్టినట్టు పసుప్పచ్చగా వస్తోంది. కూతురు దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుని పైకప్పుతో ఏదో చెబుతోంది. అడుగుల చప్పుడుకి ఆగింది. తల తిప్పి చూసింది. వచ్చింది అమ్మ కాదని తెలిసి ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైపోయింది. దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికి పెట్టింది, అరచెయ్యి పైకి.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వెంటనే పట్టుకోలేదు. రెండు చేతులూ ఒకదానికొకటి రుద్దుకున్నాడు, వేడెక్కేదాకా, చీకటి గదిలో మొదటి గుడ్డు తీసేముందు రుద్దుకున్నట్టు. అప్పుడు పట్టుకున్నాడు. అరిగిన వేలి కొసలు ఆమె మణికట్టు మీద ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి.

కొట్టుకుంటోంది.

దీన్ని చూడనేలేదు తను. ఇన్నాళ్లూ, ఇంత వెతికి. ఎక్కడ మొదలైందో ఆయనకి తెలుసు, ఎవరి కడుపులోనో తెలుసు, బయట బల్ల మీద రెండు గడియారాలు మూసుకుని కూర్చుంది. ఊపిరి ఆగింది.

"ఏంటి నాన్నా?" అంది కూతురు.

"ఏం లేదు" అన్నాడు. "ఉన్నావు." చెయ్యి వదల్లేదు.